లోపల ఆరిందా?



క్రిస్మస్ ఆరాధన ముగిసి పందిరి విప్పుతుండగానే మా సంఘపు కుర్రవాళ్ళు ఏటా అడిగే ప్రశ్న ఒకటుంది. "అయ్యగారూ, కోర్టు పని ఎప్పుడు మొదలెడదాం?" సంక్రాంతి మూడు రోజులూ గుడి పక్కనున్న ఖాళీ స్థలంలో చుట్టుపక్కల సంఘాల యౌవనస్థులకు వాలీబాల్ పోటీలు పెట్టడం మాకు అలవాటు.

ఇది కాలక్షేపం కోసం పెట్టుకున్నది కాదు. భోగి తెల్లవారేసరికి మన కోనసీమ కొబ్బరితోటల్లో కోడిపందేల బరులు వెలుస్తాయనీ, వాటి పక్కనే గుండాట, పేకాట మొదలవుతాయనీ మీకు మేము చెప్పనక్కరలేదు. చట్టం కాదన్నా అవి ఆగడం లేదు. కోతల్లో సంపాదించిన కూలి డబ్బు ఒక్క పూటలో పోగొట్టుకుని, తల్లికి ముఖం చూపించలేక తిరిగే కుర్రవాళ్ళను మేము చూశాం. "వెళ్ళకండి" అని ప్రసంగంలో చెప్పినంత మాత్రాన చాలదు, వెళ్ళడానికి వేరొక చోటు చూపించాలి అని మా సంఘ పెద్దలు తీర్మానించారు.

మొదట్లో ఒకరిద్దరు, "గుడి పక్కన బంతాటలేమిటండీ?" అన్నారు. వారికి మేము ఈ సంగతి చెప్పాం. 1895లో అమెరికాలోని హోలియోక్ అనే ఊళ్ళో వాలీబాల్‌ను రూపొందించిన విలియం మోర్గాన్, అక్కడి వై.యం.సి.ఎ.లో, అంటే క్రైస్తవ యువజన సంఘంలో, వ్యాయామ బోధకుడు. అంతకు నాలుగేళ్ళ ముందు బాస్కెట్‌బాల్‌ను కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ వేదాంత విద్య చదివినవాడు. చలికాలంలో బయట ఆడుకునే వీలులేక విసిగిపోయిన విద్యార్థుల కోసమే ఆయన ఆ ఆట తయారుచేశాడు. 1920లో హారీ బక్ దొరగారు మద్రాసులో వై.యం.సి.ఎ. వ్యాయామ విద్యాలయాన్ని స్థాపించారు. యౌవనస్థుల శరీరాన్ని గూర్చిన చింత సంఘానికి కొత్త కాదు. ఈ మాట విన్న తరువాత ఆ పెద్దలే నెట్టు కొనడానికి చందా ఇచ్చారు.

అయితే కోర్టు సిద్ధపరచడం అనుకున్నంత సులువు కాదు. కోర్టు పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు. చుట్టూ పరుగెత్తడానికి మరికొంత జాగా కావాలి. ఏటిగట్ల వెంబడి, సముద్రం దగ్గర ఇసుక నేల గనుక నీరు వెంటనే ఇంకుతుంది. మా స్థలం వరిచేల పక్కది, జిగట నల్లమట్టి. తడిస్తే కాలికి అంటుకుంటుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఈ రెంటికీ నడుమ కొద్దిరోజులు మాత్రమే అది పారకు లొంగుతుంది. ఆ రోజుల్లోనే గడ్డి చెక్కి, తాడు కట్టి మట్టం చూసి, నడుమ కాస్త ఎత్తుగా, అంచులకు వాలుగా సర్దాలి. చుట్టూ బోదె తీసి నీరు మురుగుకాలువలోకి పోయే దారి చేయాలి. ఆ మీద ఇసుక కలిపి, నీళ్ళు చిలకరించి, దిమ్మిసతో కొట్టి, చివరకు సున్నంతో గీతలు వేయాలి.

ఇంత చేసినా ఆకాశం మన చేతిలో లేదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు బంగాళాఖాతం మన మీదికి ఏమి పంపుతుందో మనకు తెలియదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను సంగతి నడివయసు దాటినవారెవరూ మరువలేరు. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయాయి. తోటలకు తోటలే నేలకొరిగాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినా, మన గోదావరి జిల్లాల్లో కూడా కోసిన వరి తడిసిపోయింది. జనవరిలో సైతం ఒక్కోసారి అల్పపీడనం పట్టి రెండు రోజులు ముసురు కురుస్తుంది.

కొన్నేళ్ళ క్రితం అలాగే జరిగింది. భోగికి మూడు రోజుల ముందు వాన పడింది. భోగినాటి ఉదయం కోర్టు మీద ఇంకా తడి కనబడుతోంది. పది ఊళ్ళ నుండి జట్లు వచ్చేశాయి. కుర్రవాళ్ళు ఊక తెచ్చి చల్లి, దాని మీద ఇసుక పరిచారు. చూపుకు కోర్టు చక్కగా తయారైంది. "ఆడించేయమంటారా అయ్యగారూ?" అని అడిగారు. ఆడించండి అన్నది మేమే. రెండో ఆటలోనే ఒక పిల్లవాడు బంతి కొట్టడానికి ఎగిరి దిగగా, ఇసుక కింద మట్టి జారి మోకాలు మడతపడింది. ఆరు వారాలు కట్టుతో మంచాన ఉన్నాడు. వాళ్ళ నాన్నగారు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆ మౌనమే మాకు పెద్ద గద్దింపు అయింది. తప్పు వానది కాదు. తడిని కప్పిపుచ్చింది మేము.

ఆ తరువాత ఒక జనవరిలో మేము కోర్టు పనిలో ఉండగా, మా సంఘపు కుటుంబానికి చెందిన ఒక అబ్బాయి కెనడా నుండి ఫోను చేశాడు. సంగతి చెబితే నవ్వి, "ఇక్కడ మేమూ అదే పనిలో ఉన్నామండీ, మీకు మట్టి, మాకు మంచు" అన్నాడు. మనకు మంచు అంటే తెల్లవారుజామున కొబ్బరాకుల మీద నుండి కారేది. అక్కడ మంచు అంటే గడ్డకట్టిన నీరు. దాని మీద ఇనుప బద్దెల బూట్లు తొడుక్కుని హాకీ ఆడతారట. దానికోసం పెరట్లో రాత్రిపూట నీళ్ళు పోసి గడ్డకట్టిస్తారు. అయితే ఒక్కసారే పోయరాదు. పలుచగా ఒక పొర పోసి, అది పూర్తిగా గట్టిపడేదాకా ఆగి, అప్పుడు మరొక పొర పోయాలి. తొందరపడి ఒకేసారి ఎక్కువ పోస్తే పైన గాజులా గట్టిపడుతుంది, లోపల నీరు నీరుగానే ఉంటుంది. కాలు పెడితే పగులుతుంది. నడుమ నాలుగు రోజులు వేడి తగిలితే చేసిందంతా కరిగి మళ్ళీ మొదటికి వస్తుంది. ఒట్టావా నగరంలో రిడో కాలువ గడ్డకట్టినప్పుడు 7.8 కిలోమీటర్ల మేర జనం దాని మీద జారుతూ తిరుగుతారు. మంచు సుమారు 30 సెంటీమీటర్ల మందం ఉంటేనే అధికారులు జనాన్ని దిగనిస్తారు. 2022–23 చలికాలంలో చలి చాలక దాన్ని అసలు తెరవనే లేదు. 1970లో మొదలైన తరువాత అలా జరగడం అదే మొదటిసారి.

ఫోను పెట్టేశాక మా ఆలోచన ఆ పిల్లవాడి మోకాలి మీదికి పోయింది. దేశం వేరు, నేల వేరు, కాని మోసం ఒకటే. పైపొర మనకు అబద్ధం చెబుతుంది.

మా సంఘంలో ఒక వృద్ధ రైతు ఉన్నారు. అందరూ తాతయ్య అంటారు. ఆ ఏడాది కూడా పండుగ ముందు ముసురు పట్టింది. భోగినాడు ఆయన గునపం తెచ్చి కోర్టు నాలుగు మూలలా, నడుమ గుచ్చి, మొనకు అంటిన మట్టి వేళ్ళతో నలిపి చూశారు. "పైన ఆరింది బాబూ, లోపల ఆరలేదు. ధాన్యం రాశి మీద చెయ్యి వేసి ఆరిందంటే కొనేవాడు ఒప్పుకుంటాడా? లోపల చెయ్యి పెట్టి గింజ తీస్తాడు. తేమ 17 శాతం దాటితే ముందు ఆరబెట్టుకు రమ్మంటాడు. నేలా అంతే" అన్నారు.

మేము ఆట ఆపాం. కనుమనాటికి వాయిదా వేశాం. కుర్రవాళ్ళకు కోపం వచ్చింది. ఒక సంగతి దాచకుండా చెబుతున్నాం. ఆ భోగినాడు మా పిల్లల్లో ఇద్దరు బరికి వెళ్ళారు. ఒకడు రాత్రికి వచ్చి, పోయిన డబ్బు లెక్క చెప్పి ఏడ్చాడు. కనుమనాడు ఆడాడు కూడా. రెండోవాడు ఆనాటి నుండి గుడికి సరిగా రావడం లేదు. అతని కోసం మేము ఇప్పటికీ ప్రార్థిస్తున్నాం, ఇంటికి వెళ్ళి వస్తున్నాం. ఆట ఆపడం తప్పా అని మమ్మల్ని మేము చాలాసార్లు ప్రశ్నించుకున్నాం. తప్పు కాదు. అయితే ఆట ఆపిన రోజున పిల్లలను ఖాళీగా ఇళ్ళకు పంపడం మాత్రం మా తప్పు. ఇప్పుడు వాన పడి ఆట ఆగితే గుడి వరండాలో క్యారమ్స్, పాటల పోటీ, మధ్యాహ్నం అందరికీ భోజనం పెడుతున్నాం. బోదెలు కూడా పండుగ ముందు కాదు, కోతలు అవ్వగానే తీస్తున్నాం.

ప్రసంగి 11వ అధ్యాయంలో జ్ఞాని, గాలివాటం చూస్తూ కూర్చునే రైతు విత్తలేడనీ, మబ్బుల్ని చూస్తూ ఉండేవాడు కోయలేడనీ హెచ్చరిస్తున్నాడు. అది సోమరికి చెప్పిన మాట. మత్తయి 13లో రాతినేల మీద పడిన విత్తనం గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం తొందరపడేవానికి చెప్పిన మాట. అది త్వరగా మొలిచింది, పైకి పచ్చగా కనబడింది, వేరు లేక ఎండకు మాడిపోయింది. ఈ రెండు మాటలూ మనకు కలిపే కావాలి.

ప్రియులారా, మన కుటుంబాల్లో ఇలాంటి పైపొరలు ఎన్ని లేవు! అన్నదమ్ములు గట్టు తగాదా పెద్దల ముందు సర్దుకుని చేతులు కలుపుతారు, లోపల తడి అలాగే ఉంటుంది. భార్యాభర్తలు పండుగ కదా అని నవ్వు ముఖం పెట్టుకుంటారు. పిల్లవాడు ఒక కూడికలో కన్నీరు కార్చగానే మారిపోయాడని సంతోషించి, మరుసటి వారం నుండి అతణ్ణి పలకరించడం మానేస్తాం. మనం కూడా ఊక చల్లి ఇసుక పరుస్తున్నాం. కాలు జారేది మాత్రం మన పిల్లలకు.

ఈ నెల మీ ఇంట కుటుంబ ప్రార్థన అయిన తరువాత ఒకరినొకరు నెమ్మదిగా అడగండి: "లోపల ఆరిందా?" ఆరలేదంటే కోపగించుకోవద్దు. మరో రెండు రోజులు ఎండ తగలనివ్వండి. నీరు పోయే దారి చేయండి. వాతావరణం దేవునిది, బోదె తీయడం మనది.

మన హృదయముల లోతును ఎరిగిన ప్రభువు మీ గృహములను స్థిరపరచి దీవించును గాక. ఆమేన్.