అందమైన అక్షరం ఎక్కడ వాడాలి?



వచ్చే నెల నుంచి మన గోడపత్రికను కంప్యూటర్లో టైపు చేసి, ప్రింటు తీసి అంటిద్దామని కొందరు అంటున్నారు. చేతిరాతలాంటి అక్షరాలు కంప్యూటర్లోనే ఉన్నప్పుడు స్కెచ్ పెన్నులు అరగదీయడం ఎందుకని వాళ్ల ప్రశ్న. దీని మీద నా అభిప్రాయం చెబుతాను.

ఆ అక్షరాలంటే నాకూ ఇష్టమే. చిత్రకారుడు, సినిమా దర్శకుడు బాపు గారి (1933–2014) చేతిరాతను ఫాంటుగా చేశారు. శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద మీరూ చూసే ఉంటారు. సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా ఇచ్చిన ఫాంట్లలో లక్కిరెడ్డి కూడా చేతిరాత తరహాదే. ఇవి పాఠ్యపుస్తకం అక్షరాల్లా బిగుసుకుని ఉండవు. పక్కన కూర్చుని పలకరించినట్టు ఉంటాయి. అందుకే శుభలేఖకు, నాటకం పోస్టరుకు, శీర్షికకు బాగా నప్పుతాయి.

కానీ వాటి పని అంతవరకే. పెద్దగా నాలుగు మాటలు రాస్తే అందం. అవే చిన్న సైజులో పేజీ నిండా పెడితే కళ్లు లాగుతాయి. మన తెలుగులో ‘ద’కు, ‘ధ’కు కింద చిన్న చీలికే తేడా. ‘ధ’కు, ‘థ’కు కడుపులో చుక్కే తేడా. వంపులు ఎక్కువైతే ఈ చిన్న గుర్తులే ముందు పోతాయి.

ఇది నాకు తెలిసింది నా తప్పు వల్లే. తల్లిదండ్రులు వచ్చే ఆదివారం గురించి నోటీసు టైపు చేసింది నేనే. ముచ్చటగా ఉందని వంపుల ఫాంటు, ఒక్క కాగితంలో పట్టాలని చిన్న సైజు పెట్టాను. 5వ తరగతి తమ్ముడొకడు 13ను 18 అని చదివి, ఇంటికి ఫోనులో అదే చెప్పాడు. 13న అందరి అమ్మానాన్నలు వచ్చారు. వాడు సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. వాళ్లమ్మ 18న కూలి మానుకుని వచ్చింది. అప్పుడు వాడు క్లాసులో ఉన్నాడు, కాసేపే చూసి వెళ్లింది. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

కాబట్టి నా మాట ఇది. నోటీసులు, తేదీలు, మాత్రలు వేసుకునే వేళలు, మెస్సు పట్టిక మామూలు అక్షరాల్లో పెద్దగా ఉండాలి. పోస్టర్లకు ముచ్చట ఫాంటు వాడుకుందాం. గోడపత్రిక మాత్రం చేత్తోనే రాద్దాం. ఫాంటులో ఒక్కరి రాతే వందసార్లు వస్తుంది. మన గోడ మీద అయితే పేరు చూడకుండానే ఎవరు రాశారో చెప్పగలం కదా!

ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో గోండి లిపి రాతప్రతులు దొరికాయి. పెద్దలు చేత్తో రాసి దాచబట్టే ఆ లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ముందు చెయ్యి, తర్వాతే ఫాంటు.

నా రాత బాగోదని వెనకాడేవాళ్లు కూడా ఈసారి ఒక్క పేజీ రాయండి. నాతో ఒప్పుకోనివాళ్లు కింద వదిలిన ఖాళీలో మీ అభిప్రాయం రాయండి. తప్పులుంటే మన్నించండి.

— 9వ తరగతి విద్యార్థి