మావారిది టేస్టింగ్, వాళ్ళాయనది తాగుడు

పోయిన శనివారం నేను బీర్ వాక్‌కి వెళ్ళొచ్చాను. కంగారు పడకండి, ఒక్క గుక్క తప్ప తాగలేదు. మావారి ఆఫీసు స్నేహితులు మా బెంగళూరులోనే, ఇందిరానగర్‌లో, గైడు వెంట నడుస్తూ నాలుగు చోట్ల బీర్లు రుచి చూసే కార్యక్రమం ఒకటి బుక్ చేశారు. జంటలుగా రమ్మన్నారు. "నీకూ సరదాగా ఉంటుంది, బోలెడు కథలు చెబుతారట" అన్నారీయన. అసలు సంగతి అది కాదు. కారు తిరిగి ఇంటికి తేవడానికి తాగని మనిషి ఒకరు కావాలి.

కథలు బాగానే ఉన్నాయి, అబద్ధమెందుకు చెప్పాలి. గైడు కుర్రాడు చక్కగా చెప్పాడు. బార్లీ నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్టు. మనం రాగులు మొలకట్టి పిండి పట్టించుకున్నట్టే. చేదు కోసం హాప్స్ అనే పువ్వులు. గోధుమ బీరులో అరటిపండు, లవంగం వాసన వస్తుంది కానీ రెండూ అందులో లేవు, అంతా ఈస్టు చేసే మాయ. నేను తాగిన గుక్క అదే. నిజంగానే అరటిపండు! 1516లో బవేరియాలో బీరులో నీళ్ళు, బార్లీ, హాప్స్ తప్ప ఇంకేమీ వేయకూడదని చట్టం చేశారట. ఒకప్పుడు ఇంగ్లండులో ఇంటింటా బీరు కాచింది ఆడవాళ్ళేననీ, సుమేరు వాళ్ళ బీరు దేవత కూడా ఆడదేననీ మాత్రం ఆ అబ్బాయి చెప్పలేదు. అది నేను ఇంటికొచ్చి చదువుకున్నాను.

నడుస్తుంటే బీఏలో చదివిన క్రీడాభిరామం గుర్తొచ్చింది. మంచన శర్మ, టిట్టిభ సెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ కనబడినదానికల్లా ఒక మాట అనుకుంటూ పోతారు కదా. అప్పుడూ తిరిగింది మగవాళ్ళే. ఇప్పుడు మేమూ వెళ్ళాం, కారు తాళాలు పట్టుకుని. మాతో వచ్చిన నలుగురు ఆడవాళ్ళలో ముగ్గురం డ్రైవర్లమే.

ఇక లెక్కకొద్దాం, పచారీ లెక్కలు రాసే చెయ్యి కదా. నాలుగు చోట్ల, ఒక్కోచోట నాలుగు గ్లాసులు, గ్లాసుకి 100 మి.లీ. మొత్తం 1,600 మి.లీ. వైన్ షాపులో అమ్మే 650 మి.లీ. పెద్ద సీసాలతో కొలిస్తే రెండున్నర సీసాలకి దగ్గర దగ్గర. రెండున్నర సీసాలు పొట్టలో పోసుకుని "టేస్టింగ్" అంటే ఎలా? పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చూడ్డానికి నేను అరచేతిలో నాలుగు చుక్కలు వేసుకుంటాను. రుచి చూడటమంటే నాకు తెలిసింది అది.

సోమవారం పనికొచ్చినావిడ (కదిరి వైపు నుంచి వలస వచ్చిన మనిషి) ఆలస్యంగా వచ్చింది. మొగుడు రాత్రి తాగి గొడవ చేశాడట. ఆమె వెళ్ళాక మావారు "వీళ్ళింతే, సంపాదించిందంతా తాగుడికే" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. శనివారం మన బిల్లెంతో ఆమె జీతం పక్కన పెట్టి చూడండీ అన్నాను. పేపరు మడిచి లేచిపోయారు.

మీరనేది నాకు తెలుసు. బీరులో ఆల్కహాలు అయిదు శాతం, సారా సంగతి వేరు, మా ఆయన చెయ్యి చేసుకోడు అంటారు. ఒప్పుకుంటాను. మావారూ ఏనాడూ చెయ్యెత్తలేదు. రెండూ ఒకటేనని నేననను. నేనడిగేది, ఒకే పనికి రెండు పేర్లెందుకని. పేదవాడిది వ్యసనం, మనవాడిది అభిరుచి. ఈ పేరు మార్పు కూడా ఉత్తినే జరగలేదు. ఇదే కర్ణాటకలో 2007లో సారాని నిషేధించారు. మూడేళ్ళకే, 2010లో, ఇదే ఇందిరానగర్‌లో టాయిట్ తెరిచారు. ఆ తర్వాత ఊరంతా బీరు కాచే చోట్లే.

మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడినప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. మా ఊళ్ళో దుకాణం ముందు బైఠాయించిన వాళ్ళలో మా అమ్మ ఉంది. రాత్రి బడిలో అప్పుడప్పుడే సంతకం నేర్చుకున్న వాళ్ళు కలెక్టరుకి అర్జీలు పెట్టారు. 1993లో సారా పోయింది, 1995లో మొత్తం మద్యమే పోయింది, 1997లో తిరిగొచ్చింది. "మా మొగుళ్ళు తాగుతున్నారు" అని ఆ ఆడవాళ్ళు బజార్లో నిలబడి చెప్పగలిగారు. అపార్ట్‌మెంట్లో మనం ఎవరికి చెబుతాం? "సోషల్‌గా తీసుకుంటారు" అని మనమే సర్దిచెబుతాం. ఆ మాటతోనే నోరు కుట్టేసుకున్నాం.

తాగొద్దని నేను ధర్నా చెయ్యను. ఆడపిల్లలు తాగితే కొంపలు మునుగుతాయని గోల చేసే వాళ్ళ జట్టులోనూ లేను. తాగితే తాగామని చెప్పండి. ఖర్చయిన డబ్బు ఖాతాలో ఆ పేరుతోనే రాయండి. పనిమనిషి మొగుణ్ణి తిట్టేముందు మీ గ్లాసులు లెక్కపెట్టుకోండి.

వచ్చే నెల వైట్‌ఫీల్డ్ వైపు ఇంకో వాక్ ఉందట. వాట్సాప్‌లో అప్పుడే పేర్లు రాసేసుకున్నారు, నా పేరుతో సహా. నేను తీసేశాను. "మరి ఇంటికెలా రావాలి?" అన్నారీయన. పదహారు గ్లాసుల ఖర్చు భరించేవాళ్ళకి క్యాబ్ ఖర్చు ఓ లెక్కా?