చెంబు కంటే ముందు గదిని సర్దండి

పండుగలు దగ్గరపడితే చాలు, వాట్సాప్ గ్రూపుల నిండా ఇత్తడి సామాను ఫొటోలు వచ్చిపడతాయి. దీపపు కుందెలు, మరచెంబులు, ఉరుళీలు, పూజ గంటలు. చింతపండు పెట్టి తోమి, తళతళలాడించి, హాల్లో టీపాయి మీద నిలబెట్టి తీసినవి. చూసేవాళ్ల కన్ను మాత్రం ముందుగా చెంబు మీద ఆగదు. చెంబు కడుపులో వంకరగా సాగిన ట్యూబులైటు, పైన ఫ్యాను రెక్కలు, ఫోను పట్టుకున్న రెండు చేతులు, వీటి మీదికే పోతుంది. వస్తువు మంచిదే, తోమడంలోనూ లోపం లేదు. అయినా ఆ ఫొటో చూస్తే కొనబుద్ధి కాదు.

ఇలాంటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లంతా చెప్పేది ఒకటే, మంచి కెమెరా కొనుక్కోమని. అది సరైన సలహా కాదు. లక్ష రూపాయల కెమెరా తెచ్చినా ఆ ఫ్యాను అక్కడే ఉంటుంది. మెరిసే వస్తువులను ఫొటో తీయడం మొదలుపెట్టేవాళ్లు డబ్బైనా శ్రమైనా పెట్టాల్సింది ఆ వస్తువు ఎదుట ఏముంది అన్నదాని మీద.

ఎందుకంటే మట్టికుండ, నూలుచీర లాంటివి తమ మీద పడ్డ వెలుతురును అన్ని దిక్కులకూ చెదరగొడతాయి. ఏ పక్కన నిలబడి చూసినా వాటి రంగే కనిపిస్తుంది. మెరుగుపెట్టిన లోహం అలా చేయదు. వెలుతురు ఏ కోణంలో వచ్చి తగిలిందో అదే కోణంలో అటుపక్కకు తిప్పి పంపేస్తుంది. బడిలో అందరూ చదువుకున్న పాఠమే ఇది. బాగా మెరుగుపెట్టిన వెండి తన మీద పడ్డ వెలుతురులో సుమారు 95 శాతాన్ని తిప్పికొడుతుంది. కాబట్టి వెండి గిన్నె ఫొటోలో కనిపించేది చాలావరకు గిన్నె చుట్టూ ఉన్న గదే. ఇత్తడిదీ అదే దారి. నీలం వెలుతురును కొంత మింగేసి మిగతాది పంపుతుంది గనక దానిలోని ప్రతిబింబాలకు పసుపు ఛాయ వస్తుంది, అంతే తేడా.

వస్తువు ఆకారాన్ని బట్టి చిక్కు పెరుగుతుంది. చదునైన స్టీలు పళ్లెం గదిలో ఒక చిన్న భాగాన్నే చూపిస్తుంది. కాస్త వంచితే ట్యూబులైటు తప్పుకుంటుంది. గ్లాసు, పాలక్యాను లాంటివి పక్కల ఉన్నవన్నీ నిలువు గీతల్లా సాగదీసి చూపిస్తాయి. అన్నిటికంటే మొండిది గుండ్రని చెంబు. దాని వెనక దాగిన కాస్త భాగం తప్ప నేల, కప్పు, నాలుగు గోడలు, ఎదుట నిలబడ్డ మనిషి, అన్నీ దానిలోకి వచ్చేస్తాయి. డచ్ చిత్రకారుడు ఎషర్ 1935లో గీసిన ఒక లిథోగ్రాఫులో చేతిలో అద్దపు గోళం ఉంటుంది. ఆ గోళంలో గది మొత్తం, నట్టనడుమ ఎషర్ ముఖం. చెంబును ఎంత తిప్పినా ఫొటో తీసే మనిషి అందులోంచి ఎందుకు పోడో ఆ బొమ్మ ఒక్క చూపులో చెప్పేస్తుంది.

మరి చేయాల్సిందేమిటి? ముందు గదిలో లైట్లన్నీ ఆర్పేయాలి. ఎండ నేరుగా పడని పెద్ద కిటికీ ఒకటి ఎంచుకుని, దానికి బటర్ పేపరో ట్రేసింగ్ పేపరో అతికించాలి. పలుచని తెల్ల పంచె కట్టినా పని జరుగుతుంది. ఇప్పుడు ఆ కిటికీ ఒక పెద్ద తెల్లని దీపం. వస్తువును దానికి పక్కగా, దగ్గరగా పెట్టాలి. దగ్గరికి జరిపేకొద్దీ చెంబు ఒంటి మీద ఆ తెలుపు వెడల్పవుతుంది, అంచులు మెత్తబడతాయి. కింద, వెనక ఒకటే తెల్లచార్టును మడత పడకుండా వంపుగా నిలబెట్టాలి. కిటికీకి ఎదురువైపు మరో తెల్లచార్టో థర్మాకోల్ అట్టో ఉంటే అటు నీడ తేలికవుతుంది. ఇక ఫొటో తీసే మనిషి సంగతి. ఒకటిన్నర మీటరు వెనక్కి జరిగి రెండు రెట్ల జూమ్‌తో తీస్తే చెంబులో మనిషి చిన్నబోతాడు, చెంబు ఆకారమూ చెడదు. తెల్లచార్టుకు కెమెరా కన్ను పట్టేంత రంధ్రం చేసి దాని వెనక నిలబడితే ఆ చిన్న మచ్చ తప్ప ఇంకేమీ కనిపించదు.

ఇక్కడ కొత్తవాళ్లు ఒక పొరపాటు చేస్తారు. మెరుపే శత్రువు అనుకుని చుట్టూ అంతా తెల్లగా కప్పేస్తారు. అప్పుడు స్టీలు డబ్బా సున్నం కొట్టిన డబ్బాలా తేలిపోతుంది. మార్కెట్లో దొరికే చిన్న లైటు పెట్టెలతో వచ్చే ఇబ్బందీ ఇదే. పైగా వాటిలోని ఎల్ఈడీ బల్బులకు అడ్డు తెర లేకపోతే, ఆ చుక్కల వరుస లోహం మీద అలాగే అచ్చు పడుతుంది. అందుకే మొదటిసారి తీసేవాళ్లకు ఆ పెట్టె అక్కర్లేదు. లోహం లోహంలా కనిపించాలంటే తెలుపు పక్కన నలుపు ఉండాలి. రెండు నల్లచార్టు ముక్కలను నాలుగు వేళ్ల వెడల్పున కత్తిరించి, ఫ్రేములో పడకుండా వస్తువుకు రెండు పక్కలా నిలబెట్టి చూడాలి. డబ్బా అంచున సన్నని నల్లగీత దిగుతుంది, గుండ్రదనం ఒక్కసారిగా తేలుతుంది. ఆ నల్లముక్కను అంగుళం అటూ ఇటూ జరుపుతూ తెరమీద మార్పు చూడటంలోనే ఈ విద్యలో సగం ఉంది. ఏ యాప్‌లోనూ ఇంత ఆనందం దొరకదు.

గాజుది ఇంకో తీరు. ఎదురుగా పడ్డ వెలుతురులో గాజు ఒక్కో ఉపరితలం నుంచి నాలుగు శాతం వరకే తిరిగి వస్తుంది, మిగతాదంతా లోపలికి దూసుకుపోతుంది. అందుకని గాజుసీసాకు ఎదుటి నుంచి లైటు వేస్తే ఒక తెల్లమచ్చ తప్ప ఫలం ఉండదు. వెలుతురు వెనక నుంచి రావాలి. బటర్ పేపరు అతికించిన కిటికీ ముందే సీసాను నిలబెట్టి, కిటికీకి రెండు పక్కలా చీకటి ఉండేలా చూస్తే, గాజు అంచులు నల్లని గీతలుగా తేలతాయి. అంచు దగ్గర గాజు వెలుతురును పక్కకు వంచి, అక్కడున్న చీకటిని తెచ్చి చూపిస్తుంది కాబట్టి. దీన్నే తిరగేసి, సీసా వెనక నల్లచార్టు పెట్టి దాని చుట్టూ నాలుగు వైపులా వెలుతురు మిగిల్చితే, చీకట్లో తెల్లటి అంచులు వెలుగుతాయి. ఖరీదైన అత్తరు బుడ్ల ప్రకటనల్లో కనిపించే తీరు ఇదే. పచ్చళ్లు అమ్మేవాళ్లు సీసాలో ఆవకాయ నూనె రంగు చూపించాలన్నా వెనక వెలుతురు కొంత కావాల్సిందే.

ఈ తంటాలు ఫొటోగ్రఫీ అంత పాతవి. ఇంగ్లండుకు చెందిన టాల్బట్ 1844లో భాగాలుగా తేవడం మొదలుపెట్టిన ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’ ఫొటోలతో వెలువడిన తొలి పుస్తకాల్లో ఒకటి. అందులో ఒక ఫొటో పింగాణీ సామానుది, దాని తర్వాతది గాజు సామానుది. తెల్ల పింగాణీని, గాజును కలిపి ఒకే ఫొటోలో తీస్తే సరిగ్గా కుదరదని టాల్బట్ అప్పుడే రాశాడు. పింగాణీ ఎక్కువ ప్రకాశవంతం గనక గాజు బొమ్మ సరిగా మొదలయ్యేలోపే పింగాణీ బొమ్మ పూర్తయిపోతుందన్నది ఆయన గమనించిన కారణం. ఇవాళ ఫోనుతో తీసేవాళ్లూ ఆ మాట విని, గాజు సీసానూ తెల్ల జాడీనీ విడివిడిగా తీసుకోవడం మేలు.

మెరుపును పోగొడుతుందని చెప్పి పోలరైజర్ ఫిల్టర్ కొనిపించేవాళ్లు ఉంటారు. గాజు మీద, నీటి మీద అది నిజంగా పనిచేస్తుంది. గాజుకైతే దాని ఉపరితలానికి లంబంగా ఉండే గీత నుంచి దాదాపు 56 డిగ్రీల కోణంలో దాని ప్రభావం అత్యధికం. మెరుగుపెట్టిన లోహం మీద మామూలు వెలుతురుకు అది దాదాపు దండగ. స్టీలు గిన్నెలు తీసేవాళ్లు ఆ డబ్బుతో చార్టులు కొనుక్కోవచ్చు.

మిగతావి చిన్న జాగ్రత్తలు. తోమిన ఇత్తడిని వెంటనే పొడిగుడ్డతో తుడవకపోతే నీటి చారలు పడతాయి, కెమెరా వాటిని దాచదు. తుడిచాక పట్టుకునేది గుడ్డతోనే. ఫోకస్ ప్రతిబింబం మీద కాకుండా చెంబు మూతి అంచు మీదో చెక్కడం మీదో తాకి పెట్టాలి. తెల్లచార్టును చూసి ఫోను వెలుతురు తగ్గించేస్తే, తెరమీద వేలు పైకి జరిపి కొంచెం పెంచాలి. రంగు మాత్రం అశ్రద్ధ చేయకూడనిది. ఫ్రేము నిండా ఇత్తడి ఉంటే ఆ పసుపును ఫోను పొరపాటనుకుని చల్లార్చేస్తుంది. పక్కన ఒక తెల్లకాగితం పెట్టి ముందుగా ఒక ఫొటో తీసుకుంటే దానితో సరిచూసుకోవచ్చు.

రంగు దగ్గరే నిజాయితీ మాటా వస్తుంది. ఇత్తడిని బంగారంలా, కంచును ఇత్తడిలా మార్చే సవరణలు ఇప్పుడు వేలికొనల మీద ఉన్నాయి. సుత్తి దెబ్బల గుర్తులు నున్నగా చెరిపేసే సాఫ్ట్‌వేరూ వచ్చేసింది. ఇది కొనేవాళ్లకు చేసే అన్యాయం, వస్తువును తయారుచేసినవాళ్లకు అంతకంటే పెద్ద అన్యాయం. జనగామ దగ్గర పెంబర్తిలో ఇత్తడి రేకును కొట్టి ఉబ్బెత్తు బొమ్మలు తేలుస్తారు. ఆ ఉబ్బు పక్కనుంచి వచ్చే కిటికీ వెలుతురులో బతుకుతుంది, ఫ్లాషు ఎదురుగా కొడితే చచ్చిపోతుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పాత్రల మీది గీతల అల్లికకూ అదే పక్క వెలుతురు కావాలి. కరీంనగర్ వెండి తీగపనిలో అందమంతా తీగల మధ్య ఖాళీల్లో ఉంటుంది. దాన్ని ముదురు రంగు గుడ్డ మీద పెట్టి తీస్తేనే ఆ ఖాళీలు కనిపిస్తాయి. ఈ మూడు పనులకూ భౌగోళిక గుర్తింపు ఉంది. ఆన్‌లైన్‌లో పోటీ మాత్రం అచ్చుపోసిన నున్నటి సామానుతో. చేతిపనిని వేరుచేసి చూపగల సాక్ష్యం సుత్తి గుర్తే, దాన్ని చెరిపేస్తే మిగిలేది ధర ఒక్కటే.

అమెజాన్ లాంటి వేదికలు ప్రధాన చిత్రానికి పూర్తి తెల్ల నేపథ్యం అడుగుతాయి, ఫ్రేములో 85 శాతం వస్తువే ఉండాలంటాయి. ఆ నియమం మొదటి ఫొటోకే. రెండోది, మూడోది కిటికీ పక్కన తీసిన దగ్గరి ఫొటోలు కావచ్చు, చెక్కడం, అంచు, అడుగు కనిపించేలా. తయారీదారులకు ఇది చెప్పేవాళ్లే కరువు.

లేపాక్షి, గోల్కొండ షోరూములు నడిపే రెండు రాష్ట్రాల హస్తకళల సంస్థలు ఈ బాధ్యత తీసుకోవాలి. కళాకారులకు శిక్షణ ఇచ్చినప్పుడల్లా ఒక పూట ఈ పనికి కేటాయించాలి. కెమెరాలు పంచనక్కర్లేదు, ఫోను ఇప్పటికే చాలామంది చేతిలో ఉంది. పనివాళ్ల ఊళ్లోనే వెలుతురు వచ్చే ఒక గది చూసి, బటర్ పేపరు చుట్ట, తెల్లవీ నల్లవీ చార్టులు అక్కడ ఉంచి, వాడే తీరు చూపించే మనిషిని పంపితే చాలు. పొదుపు సంఘాల మహిళలకూ ఆ తలుపు తెరిచి ఉంచాలి.