మన ఆధారాలు ఎక్కడున్నాయి?

ఆడవాళ్ళకు చరిత్ర లేదని ఈ రోజుల్లో ఎవరూ బాహాటంగా అనరు. "ఆధారం ఉందా?" అని మాత్రం అడుగుతారు. స్త్రీల చరిత్ర రాయబోయిన వాళ్ళకూ, పోడు భూమికి పట్టా అడిగిన స్త్రీకీ ఎదురయ్యే ప్రశ్న ఇదొక్కటే. కాబట్టి పాత కాగితాలు వెతకడం పరిశోధకుల పని అని మనం ఊరుకోలేం.

ఆ కాలంలోనే పుట్టిన కాగితాన్ని, అనుభవించిన మనిషి స్వయంగా చెప్పిన మాటను ప్రాథమిక ఆధారం అంటారు. అర్జీ, తీర్పు, జనాభా లెక్క, ఉత్తరం, ఫొటో, వాంగ్మూలం అన్నీ ఈ కోవలోనివే.

అమెరికా సంగతే చూడండి. ఒకప్పుడు బానిసలుగా బతికిన నల్లజాతి స్త్రీ పురుషులను కలిసి, వాళ్ళు చెప్పిన 2,300కు పైగా అనుభవాలను 1936-38 మధ్య ఒక ప్రభుత్వ పథకం కింద రాసుకున్నారు. ఇవాళ అవి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్‌లో ఉన్నాయి. నిర్మల్‌లో కూర్చుని కూడా ఉచితంగా చదవవచ్చు. అయితే అడిగి రాసుకున్నవాళ్ళలో ఎక్కువమంది తెల్లవాళ్ళు. వాళ్ళ ముందు ఒక పేద నల్లజాతి ముసలమ్మ తన మీద జరిగిన అత్యాచారాల గురించి ఎంత చెప్పగలదు? ఆధారం దొరికాక కూడా ఎవరు అడిగారు, ఎవరు రాశారు అని మనం ప్రశ్నించుకోవాల్సిందే.

మన ప్రాంతానికీ ఇది వర్తిస్తుంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను చంపిన తరువాత, గోండుల పరిస్థితిని అధ్యయనం చేయమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ను కోరింది. ఆయన తీసిన ఫొటోలు, రాసుకున్న నోట్సు లండన్‌లోని సోయాస్ విద్యాసంస్థలో భద్రంగా ఉన్నాయి. ఎంత విలువైనవైనా అవి ప్రభుత్వం పిలిపించిన మనిషి చూసిన చూపు. ఆ ఫొటోలను గూడేలలో చూపించి, అందులోని స్త్రీలెవరో పెద్దవాళ్ళను అడిగి రాసుకోవడం మన పని. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటలను స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలే స్వయంగా సేకరించి, 1986లో "మనకు తెలియని మన చరిత్ర"గా తెచ్చారు. ఆ దారి మన ముందుంది.

వెతికేటప్పుడు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. నిర్మల్ జిల్లా 2016లో ఏర్పడింది. అంతకు ముందటి కాగితాలు ఎక్కువగా ఆదిలాబాద్ పేరు కింద ఉంటాయి. నిజాం కాలం నాటివి ఉర్దూ, పార్శీలలో హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. ఉర్దూ చదవగల పెద్దవాళ్ళ సాయం తీసుకోవాలి. కేటలాగులో స్త్రీ పేరు కొడితే తరచు ఏమీ దొరకదు. భర్త పేరు, ఊరు, కులం, కేసు రకం పెట్టి వెతకాలి. పితృస్వామ్యం సూచికలలో కూడా ఉంది!

ఈ శ్రమంతా ఎందుకు? 2006 అటవీ హక్కుల చట్టం కింద చేసిన నిబంధనలలో 13వది చదవండి. పాత సంస్థానాల రికార్డులు, గెజెటీర్లు, పరిశోధక గ్రంథాలు, రాతపూర్వకంగా నమోదు చేసిన పెద్దల వాంగ్మూలాలు, ఇవన్నీ సాక్ష్యంగా చెల్లుతాయి. దంపతులకు హక్కు పత్రం ఇద్దరి పేరునా ఇవ్వాలనీ, ఒంటరి స్త్రీ ఇంటి పెద్ద అయితే ఆమె పేరునే ఇవ్వాలనీ చట్టం చెబుతోంది. ఖానాపూర్, కడెం, పెంబి మండలాలలో పోడు చేసుకునే స్త్రీకి ఒక ముసలమ్మ మాట భూమిని నిలబెట్టవచ్చు. ఆ మాట కాగితం మీదికి రాకముందే ఆమె కన్నుమూస్తే ఆ సాక్ష్యం పోయినట్టే.

కాబట్టి మిత్రులారా, మీ సంఘం మీటింగు పుస్తకాలు, బీడీ కార్మికుల కార్డులు, సారా వ్యతిరేక పోరాటం నాటి కరపత్రాలు, ఇచ్చిన అర్జీల నకళ్ళు పారేయకండి. తేదీ, ఊరు, చెప్పినవారి పేరు రాసి పెట్టండి. చెప్పినామె ఒప్పుకుంటేనే పేరు బయటపెట్టండి. రాసినది ఆమెకు చదివి వినిపించండి. రేపు ఎవరైనా ఆధారం అడిగితే తీసి చూపించడానికి మన చేతిలో ఉండాలి.