ఎవరి కంటితో చూచినాము?

చలనచిత్రముల గురించిన వాదోపవాదాలు సామాన్యముగా చిత్రము ఆడినన్నాళ్లే ఉండి, గోడమీది వాల్‌పోస్టరు చిరిగిపోవడంతోటే చల్లారిపోతవి. 2018 జూలై 12న విడుదలయిన ‘ఆర్‌ఎక్స్ 100’ విషయంలో అట్లా జరుగలేదు. ఆ చిత్రము మాట వచ్చినప్పుడు యువకులలో గొంతులు నేటికీ హెచ్చుతవి. ఇది గొప్ప సాహసమని ఒకరంటారు. స్త్రీజాతిపై వేసిన నింద అని మరొకరంటారు. ‘చూడవచ్చును, ఫరవాలేదు’ అని నడిమిదారి పట్టేవారు అరుదు. విద్యార్థులు ఇంత పట్టుదలగా వాదించుకొనే విషయాన్ని ఉపాధ్యాయులు ‘సినిమా కబుర్లు’ అని త్రోసివేయడము మాకు సబబుగా తోచదు. ఒక కథలో తప్పెవరిదో, ఒప్పెవరిదో పాఠకుడు ఏ ఆధారముతో నిర్ణయిస్తాడు అనే ప్రశ్న ఈ వాదములో దాగి ఉన్నది. సాహిత్య బోధనలో అంతకంటె పెద్ద ప్రశ్నలు ఎన్నో లేవు.

చూడనివారి కొరకు కథ క్లుప్తముగా చెప్పుతాము. ముగింపు దాచిపెట్టి ఈ చర్చ సాగించడము అసాధ్యము గనుక అదికూడా చెప్పుతున్నాము. చూడదలచినవారు క్షమింతురు గాక. కథాస్థలము గోదావరి సీమలోని ఆత్రేయపురము. (పూతరేకులకు పేరుపడిన ఊరు, ఇంత చేదు కథకు ఆ ఊరే దొరికినది!) శివ తల్లిదండ్రులు లేనివాడు, ‘డాడీ’ అని తాను పిలిచే ఒక పెద్దమనిషి చేతిలో పెరిగినవాడు. స్థానిక రాజకీయాలలో పలుకుబడి గల విశ్వనాథము కూతురు ఇందుతో అతనికి చనువు కలిగినది. పిమ్మట ఇందు వేరొకరిని పెండ్లాడి విదేశానికి వెళ్లిపోయినది. తండ్రే బలవంతముచేసి తమను విడదీసినాడని శివ గట్టిగా నమ్మినాడు. ఆ ఇంటిమీద కక్షగట్టి, మోటారుసైకిలు మీద ఊరంతా తిరుగుతూ, ఆమె తిరిగివచ్చే దినము కొరకు ఏళ్ల తరబడి ఎదురుచూస్తాడు. ఆమె వస్తుంది. అప్పుడు తేలేది ఏమంటే, తండ్రి నిర్దోషి. ఇందు ఏనాడూ శివను ప్రేమించలేదు. కొన్నాళ్ల సుఖము కొరకు అతనిని వాడుకొన్నది. పెండ్లి తానే కోరి చేసికొన్నది. తుదకు అతని చావుకు కూడా ఆమే కారకురాలవుతుంది.

దర్శకుడు అజయ్ భూపతికి ఇది తొలి చిత్రము. శివగా కార్తికేయ, ఇందుగా పాయల్ రాజ్‌పుత్, విశ్వనాథముగా రావు రమేష్, డాడీగా రాంకీ నటించినారు. పెద్ద తారల అండ లేకుండానే చిత్రము ఘనవిజయము సాధించినది.

మెచ్చుకొన్నవారి వాదము తేలికగా తీసివేయదగినది కాదు. తెలుగు చిత్రాలలో నాయిక చాలాకాలముగా పాటలకు అలంకారముగా నిలిచిపోయినది. ఇక్కడ కథను నడిపేది ఆమె. ప్రేమకథ అనగానే క్రూరుడైన తండ్రి, అమాయకులైన ప్రేమికులు, చివరకు చావు — ఈ మూస మనకు కంఠస్థమయి ఉన్నది. 1978లో వచ్చిన ‘మరో చరిత్ర’ సముద్రతీరములో ఆ విషాదమును పండించినది. తరువాతివారు పంటను వదలి పొలమును మాత్రము పదేపదే దున్నినారు. ఆ మూసను ఈ చిత్రము బద్దలుకొట్టినదని వారి సంతోషము. అదిగాక, మోసపోయినవాడు పురుషుడయితే అతని దుఃఖము దుఃఖము కాదా అని వారడుగుతారు. న్యాయమైన ప్రశ్నే.

గర్హించినవారు చెప్పేది వేరు. చిత్రము పూర్వార్ధములో ఇందు తన కోరికను తానై వెల్లడించే పిల్ల. మనసులో మాట చెప్పడానికి జంకదు, చొరవ ఆమెదే. ఆ స్వేచ్ఛను కెమెరా మురిపెముగా చూపినది, ప్రేక్షకుడు ఈలవేసి ఆనందించినాడు. ఉత్తరార్ధములో అదే స్వేచ్ఛ ఆమె దుర్మార్గతకు సాక్ష్యముగా మారినది. మునుపు చూచి ఆనందించినదానికే తరువాత శిక్షవేయడము ఏమి ధర్మమని వీరి ఆక్షేపణ.

ఇరుపక్షాలవారూ ఇందువంకనే చూస్తున్నారు. మేము చూడవలెననేది ప్రేక్షకుని వంక. తండ్రి దుర్మార్గుడని మనకు ఎవరు చెప్పినారు? శివ చెప్పినాడు. శివకు ఎవరు చెప్పినారు? ఎవరూ చెప్పలేదు, అతడు అనుకొన్నాడు. గడ్డము పెంచి, కండ్లు ఎర్రజేసికొని ఒక యువకుడు దుఃఖిస్తుంటే ఆ దుఃఖమే రుజువని మనము స్వీకరించినాము. విశ్వనాథమును ఒక్క ప్రశ్న అడుగకుండా నేరస్థుని చేసినాము. ఈ చిత్రములోని అసలైన బలము ఇదే. వెలుగు వచ్చి తలుపులు తెరిచిన తరువాత బయటికి నడిచే ప్రేక్షకుడు తన తొందరపాటును తలచుకొని సిగ్గుపడవలసిన చిత్రమిది. అయితే సిగ్గుపడేవారు ఎందరు? విశ్వనాథముమీద వేసిన నేరమును ఎత్తి, అంతే తొందరగా, ఇందుమీద వేసి ఇంటికి పోయినవారే హెచ్చు. నేరస్థుడు మారినాడు గాని విచారణ మారలేదు.

ఇక్కడ దర్శకుని బాధ్యత వస్తుంది. ఇందు చేసినదానికి చిత్రములో కారణము బొత్తిగా చెప్పలేదనలేము. కోరిక అనే ఒక్క కారణము చెప్పినారు. ఆ కోరిక వెనుక ఏ భయమున్నది, ఏ లెక్క ఉన్నది, ఒక మనిషిని చంపించేవరకు పోయిన మనసు ఏ రాత్రి ఎట్లా గడిపినది అనేవాటి జోలికి పోలేదు. శివ విరహానికి గంటలు దొరికినవి. ఇందు మనసుకు నిమిషాలు దొరికినవి.

మోసము చేసే స్త్రీ మన సాహిత్యానికి కొత్త కాదు. 1892లో తొలిసారి ప్రదర్శింపబడి, 1897లో అచ్చయి, 1909లో పెంపొంది మళ్లీ వచ్చిన ‘కన్యాశుల్కము’లో మధురవాణి చేయని మాయ లేదు. రామప్పపంతులును ఆడిస్తుంది, గిరీశమును ఏడ్పిస్తుంది, ఆడవేషము వేసిన మగపిల్లవానికి జరిగే దొంగపెండ్లిలో చేయి కలుపుతుంది, మగవేషము వేసికొని సౌజన్యారావు పంతులు ఎదుట నిలుస్తుంది. అయినా ప్రేక్షకుడు ఆమెను అసహ్యించుకోడు. ఆమె మంచిదని గురజాడవారు ఉపన్యాసమిచ్చినందువల్ల గాదు. ఏ పని ఎందుకు చేస్తున్నదో మనకు ముందే తెలియనిచ్చినందువల్ల. రంగముమీద మోసపోయేది పంతులు; మనము మధురవాణి ప్రక్కన నిలిచి చూస్తాము.

ఆ నాటకము హాస్యము, ఇది అపరాధకథ, రహస్యము దాచక తప్పదని ఎవరైనా అనవచ్చును. అందుకొక విదేశ నిదర్శనమున్నది. 1958లో హిచ్‌కాక్ తీసిన ‘వర్టిగో’ కూడా ప్రేమ పేరుతో మోసపోయిన పురుషుని కథే. దానికి మూలమైన ఫ్రెంచి నవల రహస్యమును తుదివరకు దాచినది. హిచ్‌కాక్ దాచలేదు. కథ ఇంకా చాలా మిగిలి ఉండగానే, నాయకునికి తెలియకముందే, ప్రేక్షకునికి చెప్పివేసినాడు. తన నేరమును ఒప్పుకొంటూ నాయిక ఒక ఉత్తరము వ్రాసి, ఇవ్వకుండా చించివేస్తుంది. ఆ ఘట్టము ఉంచవలెనా, తీసివేయవలెనా అని విడుదలకు ముందే మల్లగుల్లాలు పడినారు, చివరకు ఉంచినారు. అక్కడినుంచి మనకు ఇద్దరి బాధా తెలుసును. ఆమె ఎప్పుడు దొరికిపోతుందో అనే భయము, అతడు నిజము తెలిసికొంటే ఏమవుతాడో అనే భయము, రెండూ ఒకేసారి కలుగుతవి. ఆ చిత్రము వచ్చిననాడు అభిప్రాయాలు చీలినవి; మెచ్చనివారు చాలామంది. 2012లో ‘సైట్ అండ్ సౌండ్’ పత్రిక జరిపిన విమర్శకుల ఎన్నికలో, అర్ధశతాబ్దముగా మొదటి స్థానములో ఉన్న ‘సిటిజన్ కేన్’ను తొలగించి అది ఆ స్థానమును ఆక్రమించినది. రహస్యము ముందే చెప్పినంతమాత్రాన ఉత్కంఠ చచ్చిపోదనడానికి ఇంతకంటె ఏమి కావలె?

మరొక సంగతి. కోరిక పురుషునిదయితే మన లెక్కలు వేరు. శరత్ నవలలో దేవదాసు పార్వతి నొసట గాయమయ్యేట్టు కొట్టినాడు. ఆ మచ్చ ఆమె వెంట కడదాకా ఉన్నది. 1953లో ఆ కథ తెలుగులో చిత్రమయి వచ్చినప్పుడు ఆంధ్రదేశము కన్నీరు పెట్టినది దేవదాసు కొరకే. తప్పు చేసిన ప్రేమికుడు విషాదనాయకుడవుతాడు. తప్పు చేసిన ప్రేయసి ‘మోసగత్తె’ అవుతుంది. 1927 నాటి ‘మైదానం’లో చలంగారు రాజేశ్వరి చేతికే కథ అప్పగించినారు. భర్తను విడిచి అమీరుతో వెళ్లిపోయిన ఆ స్త్రీని మెచ్చినవారున్నారు, ఛీకొట్టినవారున్నారు; ఆ చీలిక నూరేళ్లకు దగ్గరపడుతున్నా పూడలేదు. కాని ఆమెను తిట్టేవాడు కూడా ఆమె మాట మొత్తము విని తిట్టవలసినదే. ఇందుకు ఆ పాటి గౌరవము దక్కలేదు.

ఇంతగా చర్చించడమెందుకు, కల్పితకథే కదా అనవచ్చును. ఈ చిత్రము విడుదలయి రెండు నెలలయినా తిరగకముందు మెల్లగా మరచిపోదగని ఒక దారుణము జరిగినది కాదు. సరిగా రెండు నెలల రెండు దినములకు, 2018 సెప్టెంబరు 14న, మిర్యాలగూడలో జరిగినది. కులము కాని యువకుని పెండ్లాడినదన్న కోపముతో, గర్భవతియైన కూతురి కళ్లెదుటనే ఆమె భర్తను కిరాయి హంతకునిచేత నరికించినాడని ఒక తండ్రిమీద అభియోగము వచ్చినది. విచారణ ముగియకముందే, 2020లో, ఆయన చనిపోయినాడు. 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానము ఒకరికి మరణశిక్షను, ఆరుగురికి యావజ్జీవ శిక్షను విధించినది. తెరమీద తండ్రి నిర్దోషి అయిన సంవత్సరములోనే వీధిలో ఇది జరిగినది. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగు విద్యార్థినులపై యాసిడ్ పోసిన ఘటనలో, తనను కాదన్నదన్న కక్షే కారణముగా వెల్లడియైనది. ఒక చిత్రము వీటికి కారణమనేటంత అవివేకము మాకు లేదు. మన ప్రేక్షకుడు వట్టి చేతులతో హాలులోనికి రాడని మాత్రమే చెప్పుతున్నాము. ‘ఆమె నన్ను మోసగించినది’ అనే మాటను విచారణ లేకుండా నమ్మే అలవాటుతో అతడు వస్తాడు. చిత్రము ఒక గంటసేపు ఆ అలవాటును తప్పుపట్టి, చివరి అరగంటలో దానికే ముద్ర వేసి పంపుతున్నది.

‘లోకములో ఒక్క ఇందు ఉండరాదా? ప్రతి నాయికా సాధ్వి కావలెనా?’ అని సమర్థకులు మళ్లీ అడుగుతారు. ఉండవచ్చును; ఉండవలెను. దుష్టపాత్రలు వేసే హక్కు నాయికలకు లేదనడము కూడా ఒక రకమైన నిర్బంధమే. దుష్టత్వమునకు లోతు ఉండవలెనని మా కోరిక. మనము రావణుని గురించి, దుర్యోధనుని గురించి వేల పద్యములు వ్రాసికొన్న జాతివారము. దుర్యోధనుని మనసు తిక్కనగారు మనకు చూపినంతగా, ఇందు మనసును ఒక చిత్రకథకుడు చూపరాదా?

2021 డిసెంబరులో ఈ కథ ‘తడప్’ పేరుతో హిందీకి పోయినది. గోదావరి పోయి ముస్సోరీ కొండలు వచ్చినవి, పేర్లు మారినవి. కథ మలుపు మాత్రము మలుపుగానే ఉన్నది. రెండవసారి చెప్పేటప్పుడు రహస్యము సగము లోకానికి తెలిసే ఉంటుంది; అటువంటప్పుడయినా ఆమెవైపు నుంచి చెప్పే అవకాశము ఉండినది. దానిని వాడుకొనలేదు.

ఉపాధ్యాయులకు ఒక మనవి. ఈ చిత్రము చిన్నపిల్లలకు చూపదగినది కాదు. ఉన్నతపాఠశాలలో మధురవాణి చాలును. కాలేజీలో మాత్రము, వాదము తానై లేచినప్పుడు, ఓటింగు పెట్టి ఊరుకొనవద్దు. ఇందు శివకు వ్రాసి, ఇవ్వకుండా చించివేసిన ఉత్తరము ఒకటి ఉన్నదనుకొని, దానిని రెండు పుటలలో వ్రాయమనండి. ఆమెను అందరికంటె గట్టిగా దూషించే విద్యార్థికే ఆ పని మొదట అప్పగించండి.