నిస్తంత్రీ సంకేతాలు - మన ప్రయోగశాల

తీగ లేకుండా వార్త పంపే విద్యకు ఉర్దూలో 'లాసిల్కీ' అని పేరు. 'సిల్క్' అంటే తీగ. 'లా' అంటే లేదు. తెలుగువారు దానినే 'నిస్తంత్రి' అన్నారు. రెండు భాషలూ ఒక్క తీరుగానే ఆలోచించి, ఉన్నదానిని బట్టి గాక లేనిదానిని బట్టి పేరు పెట్టడం చూస్తే ముచ్చట వేస్తుంది. తీగ లేదు సరే, దాని స్థానంలో ఉన్నదేమిటి? దానిని పుట్టించడం ఎట్లా? బి.యస్సీ. పట్టా చేతికి వచ్చే నాటికి మన విద్యార్థులలో పెక్కుమంది ఇందుకు సూత్రం వ్రాసి చూపగలరే గాని, తమ చేతితో ఒక్క రేడియో తరంగాన్నయినా పుట్టించి ఎరుగరు. కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో వాల్వు డోలకం తిరిగి మోగాలని, దాని పక్కన మోర్స్ మీట ఒకటి ఉండాలని, ఈ రెండింటికీ మన తీరప్రాంతపు బ్రతుకుతో సంబంధం ఉన్నదని విద్యార్థి మిత్రులకూ, కార్యవర్గ పెద్దలకూ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మార్కోనీ తొలినాళ్ళలో తరంగాలను పుట్టించే సాధనం విద్యుత్ స్ఫులింగం. కండెన్సరును అధిక వోల్టేజికి నింపి, రెండు లోహపు గుండ్ల నడుమ నిప్పురవ్వ దుమికేటట్లు చేస్తే, తీగచుట్టలో విద్యుత్తు అటూ ఇటూ ఊగి కొద్ది ఊపులలోనే చల్లారిపోయేది. మళ్ళీ రవ్వ, మళ్ళీ ఊపు, మళ్ళీ చల్లారడం. 1905లో అండమాన్ దీవులకూ, బర్మా తీరానగల డైమండ్ ద్వీపానికీ నడుమ నాటి భారత తంతిశాఖ నెలకొల్పిన నిస్తంత్రీ మార్గమూ, 1912లో టైటానిక్ ఓడ మునిగిపోతూ చేసిన ఆర్తనాదమూ ఈ రవ్వల భాషలోనివే.

ఈ పద్ధతిలోని లోపాన్ని విజయనగరం వారికి బోధపరచడానికి పెద్ద గ్రంథాలతో పనిలేదు. వీణ తీగను ఒకసారి మీటి వదలితే నాదం పుట్టి, సన్నగిల్లి, ఆరిపోతుంది. ఫిడేలు తీగ మీద కమాను సాగుతున్నంతసేపూ నాదం ఒక్క తీరున నిలిచి ఉంటుంది. 1919లో నెలకొన్న సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామినాయుడు గారి కమాను పలికిన ఊరు కదా ఇది! స్ఫులింగ ప్రసారిణి మీటిన తీగ. అంతకన్నా ఖచ్చితంగా చెప్పాలంటే, శ్రుతి కుదరని తీగను పదే పదే మీటడం. చల్లారిపోయే డోలనానికి ఒకే పౌనఃపున్యం ఉండదు. అది చుట్టుపక్కల పౌనఃపున్యాలన్నిటి మీదికీ చెదరుతుంది. అందువల్ల ఒక కేంద్రం మాట్లాడుతూ ఉంటే పొరుగు కేంద్రాలు నోరు మూసుకోవలసి వచ్చేది. కావలసినది కమాను. ఆ కమానును ఇచ్చినది వాల్వు.

1904లో ఫ్లెమింగ్ రెండు ఎలక్ట్రోడుల వాల్వును నిర్మించాడు. 1906లో లీ డి ఫారెస్ట్ వాటి నడుమ గ్రిడ్ అనే మూడవదానిని చేర్చాడు. ఫిలమెంటు వేడెక్కితే ఎలక్ట్రానులు వెలువడి ప్లేటు వైపు పరుగెత్తుతాయి. నడుమనున్న గ్రిడ్ చెరువుకు తూము వంటిది. తూముతలుపును కొంచెం కదిపితే చాలు, పారే నీటిలో ఎంతో తేడా. ప్లేటులో పెద్దదై వెలువడిన సంకేతంలో ఒక పాలును తిప్పి గ్రిడ్‌కే అందిస్తే ఏమవుతుందన్న ఆలోచన 1912, 1913 సంవత్సరాలలో ఒకరికి కాదు, ఇద్దరు ముగ్గురికి కలిగింది. జర్మనీలో మైస్నర్, అమెరికాలో ఆర్మ్‌స్ట్రాంగ్, డి ఫారెస్ట్ ఎవరికి వారే హక్కు తమదన్నారు. అమెరికా సుప్రీంకోర్టు 1934లో డి ఫారెస్ట్ పక్షాన తీర్పు చెప్పింది. ఇంజనీర్లలో అధికులు మాత్రం ఆర్మ్‌స్ట్రాంగ్ పక్షమే వహించారు. ఆ వాల్వు లోపల ఏమి జరుగుతున్నదో మొదట అర్థం చేసుకుని చెప్పినవాడు ఆయనే గనుక నా ఓటు కూడా ఆయనకే.

ఇక డోలకం పనిచేసే తీరు. తీగచుట్ట, కండెన్సరు కలిపిన వలయంలో విద్యుత్తు ఉయ్యాల వలె ఊగుతుంది. నిరోధం ఆ ఊపును క్రమంగా తినివేస్తుంది. ఉయ్యాల నిలువకుండా ఉండాలంటే ప్రతి ఊపుకూ సరియైన క్షణంలో చిన్న తోపు ఇవ్వాలి. ప్లేటు వలయంలోని మరొక చిన్న చుట్టను మొదటి చుట్టకు దగ్గరగా అమర్చితే ఆ తోపు లభిస్తుంది. చిన్న చుట్ట కొసలు తారుమారుగా కలిపితే తోపు ఎదురుదిశలో పడి వాల్వు మూగబోతుంది. కొసలు మార్చితే మేల్కొంటుంది. పుస్తకంలో 'ఫేజు' అని ఒక్క ముక్కలో చెప్పి దాటించే విషయం ఇక్కడ చేతివ్రేళ్ళకు తెలుస్తుంది. మొట్టమొదటి ఊపు ఎవరిచ్చారని అడిగే విద్యార్థి ఉంటాడు, ఉండాలి కూడా. వాల్వులో ఎలక్ట్రానుల క్రమరహితమైన అలజడి ఎప్పుడూ ఉంటుంది. మీట వేసిన క్షణపు కుదుపు ఒకటి దానికి తోడవుతుంది. వలయం అందులో తనకు నచ్చిన పౌనఃపున్యాన్ని ఏరుకుని పెంచుకుంటుంది. పెరుగుదలకు హద్దు వేసేది గ్రిడ్ వద్ద ఉండే చిన్న కండెన్సరూ, నిరోధమూ.

5 మైక్రోహెన్రీల చుట్టకు 100 పికోఫారడుల కండెన్సరు జతచేస్తే సెకనుకు సుమారు 71 లక్షల డోలనాలు పుడతాయి. అంటే 42 మీటర్ల తరంగం. ఈ చుట్టను గట్టి కాగితపు గొట్టం మీద రాగితీగతో ఏ విద్యార్థి అయినా ఒక సాయంత్రంలో చుట్టగలడు.

అయితే ఈ తరంగం చెవికి వినబడదు. రవ్వల కాలపు గ్రాహకాలతో ఆలకిస్తే, నిరంతర తరంగం వచ్చిందో లేదో కూడా తెలియదు. తంబూరా తీగలు రెండింటికి శ్రుతి కలిపేటప్పుడు నడుమ తరగలు తరగలుగా వినిపిస్తుంది గదా, ఆ కిటుకే ఇక్కడా ఉపయోగపడింది. గ్రాహకంలో రెండవ డోలకం ఒకటి పెట్టి, వచ్చే తరంగం కన్నా సెకనుకు వెయ్యి డోలనాలు ఎక్కువగా ఊగించితే, ఆ వెయ్యి తేడా ఈల వలె వినిపిస్తుంది. మీట నొక్కినంతసేపూ ఈల; వదలితే నిశ్శబ్దం. పొట్టి ఈల, దానికి మూడింతల పొడవైన ఈల, ఈ రెండింటితోనే మోర్స్ లిపి అంతా. లఘువులూ గురువులూ గుర్తుపట్టి పద్యం చదివినవారికి అది కొత్త కాదు; గురువుకు రెండు మాత్రలకు మారుగా మూడు అనుకుంటే సరి.

మీట నొక్కినప్పుడు ఈల నిలకడగా లేక పిట్టకూత వలె జారితే, డోలకం మీద బరువు పడి పౌనఃపున్యం కదలుతున్నదని అర్థం. తొలి తరం వారు దీనితో చాలా అవస్థ పడ్డారు. డోలకాన్ని ఆగకుండా నడవనిచ్చి, తరువాతి వర్ధక వాల్వును మాత్రమే మీటతో కత్తిరించడం ఒక విరుగుడు. 1920ల ప్రారంభంలో అమెరికాలో కేడీ క్వార్ట్జ్ స్ఫటికంతో డోలకాన్ని కట్టివేయడం ఇంకా మేలైన విరుగుడు. ఆ పద్ధతులు కుదురుకున్న కొద్దీ రవ్వల రాజ్యం అంతరించింది. 1921 డిసెంబరులో అమెరికా అమెచ్యూర్ల సంకేతాలను స్కాట్లాండు తీరాన గుడారంలో కూర్చుని గాడ్లీ అనే ఆయన విన్నప్పుడు, వాటిలో పేరుమోసిన 1బి.సి.జి. కేంద్రం వాల్వులతో నడిచినదే. 1927లో పుణే సమీపాన గల కేంద్రాల నుండి ఇంగ్లండుకు బీమ్ నిస్తంత్రీ మార్గం తెరచినప్పుడు సముద్రపు కేబులు కంపెనీలే గడగడలాడాయి.

ఇదంతా దూరదేశాల ముచ్చట అనుకోరాదు. మన జిల్లాలు నాడు మద్రాసు రాజధానిలోనివి. ఆ మద్రాసులో 1924లో కృష్ణస్వామి చెట్టిగారి పూనికతో ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బు చిన్న వాల్వు ప్రసారిణితోనే కార్యక్రమాలు వినిపించింది. ఆ రోజులలోనే విజయనగరం మహారాజా కళాశాలలో ఎ.ఎల్. నారాయణ్ గారు వర్ణపటశాస్త్రంలో పరిశోధనలు సాగించి, తరువాత కోడైకెనాల్ సౌరవేధశాలకు తొలి భారతీయ సంచాలకులయ్యారు. ఆయన విషయం రేడియో కాదు. కాని పెద్ద విశ్వవిద్యాలయం కాకపోయినా ఒక జిల్లా పట్టణపు కళాశాల గదిలో నిజమైన భౌతికశాస్త్రం పుట్టగలదనడానికి అంతకన్నా సాక్ష్యం ఏమి కావాలి? స్వాతంత్ర్యానంతరం వాల్తేరులో ఆచార్య బి. రామచంద్రరావు గారి నాయకత్వాన అయనావరణ పరిశోధన వర్ధిల్లింది. ఆకాశంలోని ఆ పొరల నుండి పరావర్తనం చెందడం వల్లనే మన చిన్న తరంగం వందల మైళ్ళు దాటగలుగుతుంది.

నేటి స్థితి ఏమిటి? ఒకప్పుడు డిగ్రీ ప్రయోగాలలో ట్రయోడ్ లక్షణ వక్రాలు తప్పనిసరిగా ఉండేవి. ట్రాన్సిస్టరు రావడంతో అది తొలగింది, తొలగడం న్యాయమే. ఆ తరువాత ట్రాన్సిస్టరు కూడా పెట్టెలోకి దూరింది. పైన పటం ముద్రించిన పలక, రెండు తీగలు గుచ్చడం, తెరమీద తరంగాన్ని చూచి పౌనఃపున్యం వ్రాసుకోవడం! ప్రయోగం ఇరవై నిముషాలలో ముగుస్తుంది. పలక ఎన్నడూ తప్పు చేయదు. తప్పు చేయని యంత్రం ఎదుట విద్యార్థి నేర్చుకునేది తక్కువ. వాల్వు అట్లా కాదు. వెలిగే ఫిలమెంటు కంటికి కనబడుతుంది. చుట్ట దగ్గరకు చేయి తెస్తే ఈల మారుతుంది. బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారు తయారుచేసిన వాల్వులు పాత రేడియోలలో అటకల మీద ఇంకా దొరుకుతాయి. ప్లేటుకు ఇచ్చే వోల్టేజి రెండు వందలకు పైబడి ఉంటుంది గనుక అధ్యాపకుల సమక్షంలో తప్ప తాకరాదన్న నియమం మాత్రం కఠినంగా ఉండాలి.

"మోర్స్ చచ్చిపోయింది గదా" అని అడిగేవారున్నారు. ఓడలకు మోర్స్ ఆధారం 1999తో తీరిపోయింది. అమెచ్యూర్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నియమం 2003లో సడలింది. మన దేశంలో టెలిగ్రాము 2013 జూలైలో ఆగిపోయింది. ఇవన్నీ నిజాలే. కాని మాటలు పంపడానికి సుమారు 2,500 హెర్ట్జుల వెడల్పు కావలసిన చోట మోర్స్ ఈలకు 150 హెర్ట్జులు చాలు. బలమంతా ఆ ఇరుకు దారిలోనే ప్రవహిస్తుంది గనుక ఐదు వాట్ల ప్రసారిణి, ఒక బ్యాటరీ ఉంటే చాలు, మాట అందని చోటికి ఈల అందుతుంది.

ఈ ఐదు వాట్ల విలువ తుఫాను రాత్రి తెలుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ వద్ద తీరం దాటినప్పుడు మూడు జిల్లాలలో విద్యుత్తూ టెలిఫోన్లూ స్తంభించాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస ప్రాంతాన తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడితోటలను నేలమట్టం చేసినప్పుడు, పొరుగూరిలో ఉన్న కూతురు క్షేమమో కాదో తెలియక రోజులు గడిపిన తల్లిదండ్రులున్నారు. టెలిఫోను స్తంభం కూలితే చేతిలోని టెలిఫోను అద్దం ముక్క. 

అండమాన్ ఉదాహరణ మనకు మరీ దగ్గరది. ఇటీవల శ్రీ విజయపురమని పేరు మారిన పోర్టుబ్లెయిరులో మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వెళ్ళి స్థిరపడినవారు ఎందరో ఉన్నారు. 2004 డిసెంబరులో హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన బృందం భారతి ప్రసాద్ గారి నాయకత్వాన అక్కడ రేడియో కేంద్రం నడుపుతూ ఉంది. వారు వెళ్ళినది వినోదం కోసం, ప్రపంచపు అమెచ్యూర్లతో సంభాషించడం కోసం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. దీవుల సంబంధాలు తెగిపోయిన ఆ గంటలలో, వినోదానికి తెచ్చిన యంత్రాలే ప్రధానభూమికి వార్తలు, క్షేమసమాచారాలు అందించాయి. ఆ బృందానికి నాయకురాలు ఒక స్త్రీ అన్న సంగతి మన విద్యార్థినులు గమనించాలి. ఆ నేర్పు ఆపద వచ్చిన నాడు నేర్చుకున్నది కాదన్న సంగతిని కార్యవర్గంవారు గమనించాలి.

ఉపగ్రహ టెలిఫోన్లు ఉండగా ఇదెందుకని మరొక ఆక్షేపణ. అవి కలెక్టరు కార్యాలయంలో ఉంటాయి. వజ్రపుకొత్తూరు సముద్రపు ఒడ్డున ఉండవు.

కార్యవర్గంవారిని కోరేది పెద్ద మొత్తమేమీ కాదు. ప్రయోగశాలలో ఒక బల్ల. పాత వాల్వులతో ఒక డోలకం, ట్రాన్సిస్టర్లతో మరొకటి, విద్యార్థులు తామే కట్టినవి. వారానికి రెండు సాయంత్రాలు మోర్స్ సాధన. గదిలోని డోలకాన్ని ఏరియలుకు కలపకుండా నిరోధానికే కలిపి నడపాలి. లైసెన్సు లేని ప్రసారం నేరం. పన్నెండేళ్ళు నిండినవారెవరైనా కేంద్ర ప్రభుత్వ సంచారశాఖ నిర్వహించే అమెచ్యూర్ పరీక్షకు కూర్చోవచ్చు. అధ్యాపకులలో ఒకరు, విద్యార్థులలో నలుగురైదుగురు ముందుగా ఆ పరీక్ష గట్టెక్కితే కళాశాల పేర క్లబ్బు కేంద్రానికి దరఖాస్తు పెట్టవచ్చు. ఏరియలు సంగతి చివరకు చూచుకోవచ్చు. 42 మీటర్ల తరంగానికి సుమారు 20 మీటర్ల రాగితీగ, నడుమ ఒక పింగాణీ బుడిపె, కట్టడానికి ఆవరణలో రెండు ఎత్తైన చెట్లు ఉంటే సరిపోతుంది.