లెక్క అడిగేవాళ్ళ ప్రణాళిక

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల నుంచి, వాటి చుట్టూ ఉన్న పల్లెల నుంచి మేము ఒక ఉద్యమాన్ని ప్రారంభిస్తున్నాం. అణుబాంబుకు ముడిసరుకైన ప్లుటోనియం, శుద్ధి చేసిన యురేనియంల ఉత్పత్తి ఆగాలి. ఇప్పటికే పోగుపడిన నిల్వలు లెక్కలోకి రావాలి. ఇది జెనీవాలో తేలాల్సిన సంగతి, కాలువ గట్టు మీద మాట్లాడేది కాదు అనుకునే మిత్రులనూ మాతో నడవమని పిలుస్తున్నాం.

1993 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఈ ఉత్పత్తిని నిలిపే ఒప్పందం కావాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. ప్రతిపాదించిన దేశాల్లో మనదీ ఒకటి. 1995 మార్చిలో కెనడా రాయబారి షానన్ చర్చలకు ప్రాతిపదిక సిద్ధం చేశారు. మనమూ పాకిస్తానూ బాంబులు పేల్చిన 1998 వేసవి వెళ్ళాక, ఆగస్టులో ఒక కమిటీ ఏర్పడి అంతలోనే ముగిసింది. 2009 మే 29న జెనీవాలోని నిరాయుధీకరణ సదస్సు చర్చలకు మళ్ళీ ఒప్పుకుంది, చర్చ మాత్రం మొదలుకాలేదు. అక్కడి 65 దేశాల్లో ఏ ఒక్కటి తల అడ్డంగా ఊపినా పని సాగదు. ఊపుతున్నది పాకిస్తాన్. ఆ అడ్డు చాటున మన ఉత్పత్తీ సాగుతోంది. ఈ చరిత్రను ఇక్కడితో వదిలేస్తున్నాం. మా విశ్వాసాలు ఇవి.

ఒకటి. బాంబు మూలం నేలలో ఉంది. ఆ నేల మీద బతికేవాళ్ళదే మొదటి మాట. నాగార్జునసాగర్ జలాశయం పక్కనే లంబాపూర్, పెద్దగట్టు గుట్టల్లో యురేనియం ఉంది. 2003 ఆగస్టులో పెద్దఅడిశర్లపల్లి ప్రజాభిప్రాయ సేకరణలో జనం గని వద్దన్నారు. 2019 సెప్టెంబరులో నల్లమల విషయంలో రాష్ట్ర శాసనసభే వద్దని తీర్మానించింది. మిర్యాలగూడ, కోదాడ మాగాణులకు నీళ్ళు ఆ జలాశయం నుంచే ఎడమ కాలువ మీదుగా వస్తాయి. ఫ్లోరైడ్‌తో వంగిన వెన్నులను తరతరాలుగా చూసిన ఉమ్మడి నల్లగొండ జిల్లాకు నీళ్ళలో విషం గురించి ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. గని వద్దన్న ఆ పోరాటాన్ని అక్కడే ఆపకుండా, ఖనిజం వెళ్ళే దారి పొడుగునా సాగించదలిచాం. విదేశాల నుంచి కొన్న యురేనియం మీద అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీ ఉంటుంది. మన నేలలో తవ్విన దానికి ఆ నిబంధన లేదు. అది కరెంటుకూ పోవచ్చు, బాంబుకూ పోవచ్చు.

రెండు. లెక్క లేనిచోట నమ్మకం నిలవదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల నడుమ బతికేవాళ్ళకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సర్కారు ధాన్యం దించుకున్న మిల్లు క్వింటాలుకు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పగించాలి. అధికారులు వచ్చి రిజిస్టరునూ గోదాములో బస్తాలనూ సరిచూస్తారు. జెనీవా తగువు అచ్చం ఇదే. రాబోయే పంటను మాత్రమే లెక్కిద్దామంటుంది భారతదేశం. గోదాములో ఉన్న పాత సరుకు మాటేమిటంటుంది పాకిస్తాన్. రెండు వాదాల్లోనూ నిజం ఉంది, రెండింటిలోనూ స్వార్థం ఉంది. మా మాట ఇది: కొత్త ఉత్పత్తి ఇవాళే ఆగాలి, పాత నిల్వలను ప్రకటించి విడతల వారీగా తనిఖీ కిందికి తేవాలి. ఆపడానికి ఒప్పందం దాకా ఎదురుచూడక్కర్లేదు. అమెరికా, రష్యా, బ్రిటన్, ఫ్రాన్స్ తమంతట తామే ఆపామని ప్రకటించాయి. (కావలసినదానికి పదింతలు పోగేసుకున్నాకే ఆపారనేవాళ్ళతో మాకు పేచీ లేదు.) ఒక బాంబుకు సరిపోతుందని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ లెక్కగట్టే ప్లుటోనియం 8 కిలోలే. ఇంత చిన్న రాశి కంటికి ఆనకుండా పోవడం ఎంత సులువో, అందుకే లెక్క ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

మూడు. ఈ కోరిక దేశానికి పరాయిది కాదు. అణుపరీక్షలు నిలిపేయాలని 1954లోనే నెహ్రూ పార్లమెంటులో అన్నారు. 1988లో రాజీవ్ గాంధీ అణ్వస్త్రాల నిర్మూలనకు దశలవారీ ప్రణాళికను ఐక్యరాజ్యసమితి ముందుంచారు. మేము తిరిగి వినాలనుకుంటున్నది ఆ గొంతునే.

నాలుగు. ప్రతిష్టంభనను బద్దలుకొట్టేది మామూలు జనం. దొరల భూముల లెక్క అడిగిన తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట తాలూకా కంచుకోట. భీమిరెడ్డి నరసింహారెడ్డి, మల్లు స్వరాజ్యం ఈ గడ్డ బిడ్డలే. 1996లో నీళ్ళ కోసం నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీలో నిలిస్తే బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది, ఎన్నికే వాయిదా పడింది. వినని వ్యవస్థకు వినిపించే పద్ధతులు కనిపెట్టడం మనకు కొత్తేమీ కాదు.

ఐదు. మేము కోరే రేపటికి పునాది ఇప్పటికే పడి ఉంది. ఒకరి అణుకేంద్రాల మీద మరొకరు దాడి చేయకూడదని 1988 డిసెంబరు 31న భారత్, పాకిస్తాన్ ఒప్పందం రాసుకున్నాయి. 1992 నుంచి ప్రతి జనవరి 1న ఆ కేంద్రాల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటున్నాయి. కార్గిల్ యుద్ధం జరిగింది, రాయబారులు వెనక్కి వెళ్ళారు, సరిహద్దు గేట్లు మూతపడ్డాయి. జాబితా మాత్రం ఆగలేదు. దానికి రెండో కాగితం జతకావాలి. మొదటిది ఎక్కడెక్కడ ఉన్నాయో చెబుతుంది, రెండోది ఎంతెంత ఉందో చెప్పాలి. ఆ కాగితం పట్టుకుని ఒకనాడు మన తనిఖీదారు ఖుషాబ్ రియాక్టర్ గేటు దగ్గర, వాళ్ళ తనిఖీదారు ట్రాంబే గేటు దగ్గర నిలబడతారు. ఇద్దరి చేతుల్లోనూ ఒకే కొలమానం ఉంటుంది. అంకెలు ఉపగ్రహ చిత్రాల మీది ఊహలుగా కాక, పార్లమెంటులో సభ్యులు ప్రశ్న వేసి జవాబు రాబట్టే వివరాలుగా మారతాయి. గుట్ట కింది ఖనిజం గురించి లంబాపూర్ తండా అడిగే ప్రశ్నకు రహస్యమనే సమాధానం చెల్లదు. రెండు దేశాల పిల్లలు ఎదుటివాడి దగ్గర ఎన్ని ఉన్నాయోనన్న భయంతో కాక, ఏటా తగ్గుతున్న అంకెలు చదువుతూ పెరుగుతారు. జెనీవా అప్పుడు మన వెనక రావచ్చు.

వచ్చే జనవరి 1 లోగా మూడు పురపాలక సంఘాల్లో, చుట్టుపక్కల గ్రామసభల్లో రెండో కాగితం కోరుతూ తీర్మానాలు పెట్టిస్తాం. తీర్మానం నమూనా సిద్ధంగా ఉంది. మీ ఊరి గ్రామసభ తేదీ చెప్పండి, వస్తాం.